నీలం 'ఈ' వెళ్లిపోయింది... మీ సామాను సర్దుకున్నారా?

మిక్సీ పాడైతే కొత్తది కొనేముందు నలుగురిని అడుగుతాం. జార్లు ఎన్ని, వాట్లు ఎన్ని, గ్యారంటీ ఎన్నేళ్లు అని షాపువాణ్ని విసిగించేస్తాం. కుక్కర్ గాస్కెట్ వదులైతే ఆ పూటే మార్చేస్తాం. మరి హాల్లో ఓ మూల బల్ల మీద ఉన్న కంప్యూటర్ సంగతి? దాంట్లో ఇంటర్నెట్ చూపించే కిటికీ ఏది, దాన్ని ఎవరు బిగించారు, అది ఎన్నేళ్ల నాటిది అని మనలో ఎంతమంది అడుగుతున్నాం చెప్పండి?

"అబ్బే, అవన్నీ మావారు చూసుకుంటారు", "మా అబ్బాయి అమెరికా వెళ్లేముందు అన్నీ సెట్ చేసి వెళ్లాడు". చాలా ఇళ్లలో వినిపించే జవాబులు ఇవే. అబ్బాయి సెట్ చేసి వెళ్లి ఏడెనిమిదేళ్లయింది. ఈలోగా ఆ కిటికీ గడియ ఊడిపోయింది. కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్, బ్యాంకు, పిల్లల ఫీజులు, రైలు టిక్కెట్లు... అన్నీ ఆ గడియ లేని కిటికీలోంచే వెళ్తున్నాయి!

అందుకే ఈ వారం ఆ సంగతి కాస్త తీరిగ్గా మాట్లాడుకుందాం. ఇది మగవాళ్ల వ్యవహారమూ కాదు, బ్రహ్మవిద్యా కాదు. ఇల్లు మారడం తెలిసిన ప్రతి ఇల్లాలికీ చేతనైన పనే.

బ్రౌజరంటే ఏమిటి?

బ్యాంకు సైటు, వంటల సైటు, వార్తల సైటు ఏదైనా ఎక్కడో దూరంగా ఉన్న కంప్యూటర్లలో ఉంటుంది. దాన్ని తెచ్చి మన తెర మీద అక్షరాలుగా, బొమ్మలుగా పరిచి చూపించే సాధనమే బ్రౌజర్. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్, సఫారి ఇవన్నీ బ్రౌజర్లు. "మరి గూగుల్?" అంటారేమో. గూగుల్ అనేది వెతికిపెట్టే సైటు. దాన్ని ఏ బ్రౌజర్లో అయినా తెరవొచ్చు. గూగుల్ కంపెనీ తయారుచేసిన బ్రౌజర్ పేరు క్రోమ్. చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు.

ఇక 'డిఫాల్ట్' అనే మాట. అద్దెకు దిగిన ఇంట్లో ఇంటివాళ్లు ముందే బిగించి ఉంచిన స్టవ్ లాంటిది ఇది. మీరు ఎంచుకున్నది కాదు, ఉన్నది కాబట్టి వాడుతున్నారు. ఎవరైనా వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో లింకు పంపితే, దాన్ని నొక్కగానే ఏ బ్రౌజర్ తెరుచుకుంటుందో అదే మీ డిఫాల్ట్ బ్రౌజర్. దాన్ని మార్చుకునే హక్కు మనదే. కాకపోతే మార్చొచ్చని ఎవరూ మనకు పనిగట్టుకుని చెప్పరు.

నీలం అక్షరం కథ

మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ అందింది 1995 ఆగస్టు 15న, విఎస్ఎన్ఎల్ ద్వారా. సరిగ్గా అదే నెలలో అమెరికాలో మైక్రోసాఫ్ట్ కంపెనీ విండోస్ 95తో పాటు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మొదటి వెర్షన్‌ను విడుదల చేసింది. అప్పటికి పెద్ద పేరు నెట్‌స్కేప్ నావిగేటర్‌ది. అది 1994 డిసెంబర్లో వచ్చింది. కానీ దాన్ని విడిగా తెచ్చుకుని పెట్టుకోవాలి. ఎక్స్‌ప్లోరరేమో పోనుపోను కంప్యూటర్‌తోనే వచ్చేసింది. పక్కనే ఉన్న వస్తువును వదిలి బజారుకెళ్లి ఇంకోటి తెచ్చుకునేవాళ్లు ఎందరుంటారు? కొద్ది ఏళ్లలో నెట్‌స్కేప్ చతికిలబడింది. 2000 తర్వాత తొలి ఏళ్లలో ప్రపంచంలో నూటికి తొంభైమందికి పైగా వాడింది ఈ నీలం రంగు 'ఈ' అక్షరాన్నే.

ఈ పద్ధతి అన్యాయమని అమెరికా ప్రభుత్వం 1998లో మైక్రోసాఫ్ట్ మీద కేసు వేసింది. కంపెనీని రెండు ముక్కలు చేయమని 2000లో కింది కోర్టు ఆదేశించింది. మరుసటి ఏడాది పై కోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. చివరికి రాజీ కుదిరింది. యూరప్ వాళ్లు ఇంకో దారి తొక్కారు. 2010 నుంచి అక్కడి విండోస్ కంప్యూటర్లలో "మీకు ఏ బ్రౌజర్ కావాలి?" అని అడిగే తెర పెట్టించారు. కొంతకాలం ఆ తెర చూపించనందుకు 2013లో మైక్రోసాఫ్ట్‌కు 56 కోట్ల 10 లక్షల యూరోల జరిమానా పడింది. చూశారా, 'ముందే పెట్టి ఇచ్చిన వస్తువు' ఎంత పెద్ద సంగతో! మనం పట్టించుకోని చిన్న బొమ్మ కోసం దేశాలు కోర్టులకెక్కాయి.

పోటీ లేని వంటమనిషి కూర తగలేసినా అడిగేవాడుండడు. ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చింది 2001లో. ఏడో వెర్షన్ వచ్చింది 2006లో. మధ్యలో ఐదేళ్లు కొత్త వెర్షనే లేదు. ఈలోగా 2004 నవంబర్లో ఫైర్‌ఫాక్స్, 2008 సెప్టెంబర్లో క్రోమ్ వచ్చి జనాన్ని లాక్కున్నాయి. ఆఖరికి 2011లో మైక్రోసాఫ్టే ఓ ప్రచారం మొదలుపెట్టి, "మా ఎక్స్‌ప్లోరర్ 6ను దయచేసి వదిలేయండి" అని జనాన్ని బతిమాలుకుంది.

2015 జులైలో విండోస్ 10తో ఎడ్జ్ అనే కొత్త బ్రౌజర్ వచ్చింది. అలవాటు పడ్డ కళ్లు తడబడకూడదని దానికీ నీలం 'ఈ' బొమ్మే ఉంచారు. 2020 జనవరిలో ఆ ఎడ్జ్‌ను కూడా లోపలి నుంచి మార్చేసి, క్రోమ్‌కు ఆధారమైన క్రోమియం మీద కొత్తగా కట్టారు. 2022 జూన్ 15న ఎక్స్‌ప్లోరర్‌కు పదవీ విరమణ. 2023 ఫిబ్రవరి 14న వచ్చిన ఎడ్జ్ అప్‌డేట్‌తో విండోస్ 10లో దానికి పూర్తిగా తాళం. ఆ తర్వాత పాత బొమ్మ నొక్కినా తెరుచుకునేది ఎడ్జే.

ఒక కోటు తెచ్చిన తంటా

ఒకే బ్రౌజర్‌ను నమ్ముకుంటే ఏమవుతుందో చెప్పడానికి దక్షిణ కొరియా కథ చాలు. అక్కడ 1990ల చివర్లోనే ఇంట్లో కూర్చుని కొనుగోళ్లు, బ్యాంకు పనులు మొదలయ్యాయి. భద్రత కోసమని ప్రభుత్వం ఓ సర్టిఫికెట్ పద్ధతి పెట్టింది. అది నడవాలంటే యాక్టివ్ఎక్స్ అనే చిన్న ప్రోగ్రాము కావాలి. అది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్లోనే నడుస్తుంది. ఇంకేం, దేశం దేశమంతా ఒకే కిటికీ ముందు వరుస కట్టింది.

2014లో 'మై లవ్ ఫ్రమ్ ది స్టార్' అనే కొరియన్ సీరియల్ చైనాలో ఊపేసింది. కథానాయిక వేసుకున్న కోటు మీద చైనా ఆడవాళ్లు మనసు పారేసుకున్నారు. మన దగ్గర సినిమా చీరలు చూసి షాపులకు పరుగెత్తడం లేదూ? అలాగన్నమాట. తీరా కొరియా షాపుల సైట్లలో కొనబోతే, ఆ సర్టిఫికెట్ లేదు, యాక్టివ్ఎక్స్ లేదు, కాబట్టి డబ్బు కట్టే దారే లేదు! చేతిలో డబ్బుంది, ఎదురుగా వస్తువుంది, మధ్యలో బ్రౌజర్ అడ్డు. ఆ ఏడాది మార్చిలో అప్పటి అధ్యక్షురాలు పార్క్ గ్యున్ హే స్వయంగా ఓ సమావేశంలో ఈ కోటు ప్రస్తావన తెచ్చారు. ఆ తర్వాతే నిబంధనలు సడలడం మొదలైంది.

2022లో ఎక్స్‌ప్లోరర్ మూతపడినప్పుడు కొరియాలోని గ్యాంగ్జు నగరంలో ఒక ఇంజనీరు తన అన్నగారి కాఫీ హోటల్ మీద దానికో సమాధి రాయి పెట్టించాడు. 'వేరే బ్రౌజర్లు దించుకోవడానికి బాగా పనికొచ్చింది' అన్న అర్థం వచ్చేలా దాని మీద చెక్కించాడు. ఏళ్ల తరబడి పడ్డ విసుగు మరి!

తెలుగు అక్షరాల అవస్థ

ఆ సంగతి మనకూ కొత్త కాదు. తొలిరోజుల్లో తెలుగు పత్రికల సైట్లు తెరిచినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఒక్కో పత్రికకు ఒక్కో సొంత ఫాంటు. ఆ ఫాంటు లేకపోతే తెలుగుకు బదులు అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనబడేవి. అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడిగా ఉండే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. కానీ విండోస్‌లో గౌతమి ఫాంటుతో తెలుగు సరిగా కనబడడానికి 2001 నాటి విండోస్ ఎక్స్‌పి రావలసి వచ్చింది. ఫైర్‌ఫాక్స్ వాడే తెలుగువాళ్ల కోసం, పాత ఫాంటుల రాతను యూనికోడ్‌లోకి మార్చి చూపే 'పద్మ' అనే పొడిగింపు కూడా వచ్చింది. ఇప్పటి బ్రౌజర్లలో ఆ బాధ లేదు. ఒత్తులు, గుణింతాలు విడిపోకుండా చక్కగా కనిపిస్తాయి. మీ కంప్యూటర్లో ఇప్పటికీ తెలుగు డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తోందా? అయితే మీ సరంజామా బాగా పాతబడిందని అదే ఓ గుర్తు.

పాతది ఉంటే నష్టమేంటట?

"బాగానే తెరుచుకుంటోంది కదా, మార్చడమెందుకు?" అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే.

ఏ బ్రౌజర్లోనైనా కన్నాలుంటాయి. దొంగలు వాటిని వెతుకుతూనే ఉంటారు. కన్నం బయటపడగానే తయారుచేసిన కంపెనీ దాన్ని పూడ్చి, అప్‌డేట్ రూపంలో మనకు పంపుతుంది. కంపెనీ చేతులెత్తేసిన బ్రౌజర్‌కు ఆ పూడ్చడం ఆగిపోతుంది. కన్నం ఎక్కడుందో దొంగకు తెలుసు, పూడ్చేవాడు లేడు. అదీ ప్రమాదం. ప్రహరీ గోడ కూలిన ఇంట్లో బీరువాకు తాళం వేసుకుని పడుకున్నట్టు!

రెండోది, బ్యాంకు సైటూ మీ బ్రౌజరూ సంకేత భాషలో మాట్లాడుకుంటాయి. మధ్యలో ఎవరు విన్నా అర్థం కాకూడదని. పాత సంకేతాలను దొంగలు ఛేదించే వీలుంది కాబట్టి బ్యాంకులు కొత్త సంకేతాలకు మారుతుంటాయి. ముసలి బ్రౌజర్‌కు ఆ భాష రాదు. అప్పుడు సైటు తెరుచుకోదు, లేదా సగం తెరుచుకుని నొక్కాల్సిన బటన్ కనబడదు. అదీ సరిగ్గా ఫీజు కట్టాల్సిన ఆఖరి రోజున!

మీ కంప్యూటర్ ఏ కాలం నాటిదో ఓసారి చూడండి. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14న ముగిసింది. అందులో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఇంకా తెరుచుకోవచ్చు, కానీ దాంతో డబ్బు లావాదేవీలు వద్దేవద్దు. క్రోమ్ కూడా విండోస్ 7కు 109వ వెర్షన్ దగ్గరే ఆగిపోయింది. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. అంటే పాత కంప్యూటర్లో బ్రౌజర్ ఒక్కటి మారిస్తే సరిపోదు, వెనకున్న విండోస్ సంగతి కూడా చూసుకోవాలి. తలుపు కొత్తది, గోడ పాతది అయితే ఏం లాభం?

ముందు అటక మీద చూడండి

ఇల్లు మారేటప్పుడు ఏం చేస్తాం? ముందు సామాను లెక్క చూసుకుంటాం. అటక మీద ఏమున్నాయో, దేవుడి గూట్లో ఏమున్నాయో దించుకున్నాకే తాళాలు ఇచ్చేస్తాం. బ్రౌజర్ మార్చడమూ అంతే. పాత బ్రౌజర్లో మీ సామాను మూడు రకాలు.

మొదటిది, గుర్తు పెట్టుకున్న పేజీలు. ఎక్స్‌ప్లోరర్లో వీటిని ఫేవరిట్స్ అంటారు, క్రోమ్‌లో బుక్‌మార్క్స్ అంటారు. మీరు దాచుకున్న ఊరగాయల పేజీ, కుట్ల పేజీ, గ్యాస్ బుకింగ్ పేజీ ఇక్కడుంటాయి. ఎక్స్‌ప్లోరర్ పోయినా కంగారు పడకండి. విండోస్‌లో మీ పేరు మీద ఉండే ఫోల్డర్లో 'ఫేవరిట్స్' అనే ఫోల్డర్ అలాగే ఉంటుంది.

రెండోది, దాచిన పాస్‌వర్డులు. ఇదే బంగారం. "పాస్‌వర్డ్ సేవ్ చేయనా?" అని బ్రౌజర్ అడిగినప్పుడల్లా "ఊఁ" అంటూ వచ్చాం. ఏళ్లు గడిచాయి, పాస్‌వర్డు మనకు గుర్తులేదు, దానికి గుర్తుంది. ఎక్స్‌ప్లోరర్ దాచినవి చూడాలంటే కంట్రోల్ ప్యానెల్లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, అందులో వెబ్ క్రెడెన్షియల్స్ అన్నచోట చూడాలి. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్‌లలో సెట్టింగ్స్‌లోనే పాస్‌వర్డ్స్ అన్న భాగం ఉంటుంది.

మూడోది, చిన్నాచితకా. నింపిన చిరునామాలు, చూసిన పేజీల చిట్టా లాంటివి. ఇవి పోయినా పెద్ద నష్టం లేదు. పాత ఇంట్లో పాత కేలండర్ వదిలేసినట్టే.

సామాను మోసుకెళ్లే పని కొత్త బ్రౌజరే చేస్తుంది. ఎడ్జ్‌లో పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ప్రొఫైల్స్‌లో 'ఇంపోర్ట్ బ్రౌజర్ డేటా' అన్నది ఎంచుకోండి. ఏ బ్రౌజర్ నుంచి, ఏమేం తీసుకోవాలో అడుగుతుంది. టిక్కులు పెట్టి నొక్కడమే. క్రోమ్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది.

ఒక్క జాగ్రత్త. కొన్నిసార్లు పాస్‌వర్డులన్నీ ఓ ఫైలుగా దించుకుని, కొత్తదాంట్లో ఎక్కించాల్సి వస్తుంది. ఆ ఫైలు ఎవరు తెరిచినా చదవొచ్చు, ఏ తాళమూ ఉండదు. పని కాగానే దాన్ని తీసేయండి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా తీసేయండి. బీరువా తాళంచెవి వీధి గుమ్మానికి తగిలించి వదిలేయం కదా!

కొత్తది ఓ పదిహేను రోజులు వాడి, బ్యాంకు, మెయిలు, కరెంటు బిల్లు అన్నీ అందులో తెరుచుకుంటున్నాయని చూసుకున్నాకే పాతదాని జోలి వదిలేయండి. కొత్తింట్లో పాలు పొంగించగానే పాతింటి తాళాలు పారేసుకోం కదా. కొత్త బ్రౌజర్లో బ్యాంకు తెరిస్తే మళ్లీ ఓటీపీ అడగొచ్చు, వాట్సాప్ వెబ్ మళ్లీ ఫోన్‌తో స్కాన్ చేయమనొచ్చు. అది మామూలే, భయపడకండి.

ఏది మంచిది?

"ఏ కంపెనీ మిక్సీ మంచిది?" అన్నంత చిక్కు ప్రశ్న ఇది. అసలు సంగతి చెప్పనా? క్రోమ్, ఎడ్జ్, ఒపేరా, బ్రేవ్, శాంసంగ్ ఫోన్లలో వచ్చే శాంసంగ్ ఇంటర్నెట్ వీటన్నిటికీ ఆధారం క్రోమియమే. ఒకే మిల్లులో ఆడిన పిండిని వేరువేరు సంచుల్లో అమ్మినట్టు. ఫైర్‌ఫాక్స్‌ది వేరే మిల్లు, ఆపిల్ వాళ్ల సఫారిది ఇంకో మిల్లు.

కాబట్టి భద్రత మాటకొస్తే, అప్‌డేట్లు క్రమంగా అందుతున్న పేరున్న బ్రౌజర్ ఏదైనా ఫరవాలేదు. కంప్యూటర్‌తో వచ్చిన ఎడ్జ్ చాలనుకుంటే అదే వాడండి. ఫోన్లో క్రోమ్ వాడుతూ, దాచిన పేజీలు రెండుచోట్లా కనబడాలనుకుంటే కంప్యూటర్లోనూ క్రోమ్ పెట్టుకుని ఒకే ఖాతాతో తెరవండి. ప్రకటనల కంపెనీల కన్ను తక్కువగా ఉండాలనుకుంటే ఫైర్‌ఫాక్స్ చూడండి. రెండు పెట్టుకున్నా తప్పులేదు. ఒకటి డబ్బు పనులకు మాత్రమే, ఇంకోటి వంటలకు, సీరియళ్లకు, పిల్లల ఆటలకు. మడిబట్ట వేరు, మామూలు చీర వేరు అన్నట్టు! ఈ ఏర్పాటు నిజంగానే మంచిది. ఆటల సైట్లలో పిల్లలు ఏది నొక్కినా, బ్యాంకు పాస్‌వర్డులు ఆ బ్రౌజర్లో ఉండవు కదా.

డిఫాల్ట్ మార్చే పద్ధతి

విండోస్‌లో: సెట్టింగ్స్, యాప్స్, డిఫాల్ట్ యాప్స్. విండోస్ 10 అయితే అక్కడ వెబ్ బ్రౌజర్ అని ఉన్నచోట మీకు కావలసింది ఎంచుకోండి. విండోస్ 11 అయితే జాబితాలో మీ బ్రౌజర్ పేరు నొక్కి, పైన 'సెట్ డిఫాల్ట్' అన్న బటన్ నొక్కండి. 2021 అక్టోబర్లో విండోస్ 11 వచ్చిన కొత్తలో ఈ బటన్ ఉండేది కాదు. ఒక్కో రకం ఫైలుకు, లింకుకు విడివిడిగా మార్చుకోవాల్సి వచ్చేది. జనం గోల పెట్టాక 2022లో ఒకే బటన్ పెట్టారు.

ఆండ్రాయిడ్ ఫోన్లో: సెట్టింగ్స్, యాప్స్, డిఫాల్ట్ యాప్స్, బ్రౌజర్ యాప్. ఫోన్ కంపెనీని బట్టి పేర్లు కాస్త అటూ ఇటూగా ఉండొచ్చు. ఐఫోన్లో ఈ సౌకర్యం 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఉంది.

'వెంటనే అప్‌డేట్ చేయండి!'... చేయకండి

ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ఏదో సైటు చూస్తుండగా తెర నిండా ఎర్ర అక్షరాలతో, "మీ బ్రౌజర్ పాతబడింది, ఇక్కడ నొక్కి అప్‌డేట్ చేసుకోండి" అని వస్తే నొక్కకండి. దొంగ ప్రోగ్రాములను ఇంట్లోకి పంపడానికి ఇది పాత ఎత్తు. బ్రౌజర్ మార్చాలన్న మన మంచి బుద్ధినే దొంగలు వాడుకుంటారన్నమాట. కరెంటు ఆఫీసు నుంచి వచ్చామని చెప్పి ఇంట్లోకి దూరేవాళ్ల లాంటి బాపతు.

అసలు అప్‌డేట్ ఎక్కడుంటుంది? క్రోమ్‌లో, ఎడ్జ్‌లో మూడు చుక్కలు నొక్కి 'హెల్ప్', అందులో 'అబౌట్'. అక్కడికి వెళ్తే చాలు, కొత్తదుంటే అదే దించుకుంటుంది. ఫోన్లో అయితే ప్లే స్టోర్. ఈ రెండు చోట్ల తప్ప ఇంకెక్కడా బ్రౌజర్ అప్‌డేట్ తీసుకోకండి. "మీ కంప్యూటర్లో వైరస్ ఉంది, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని తెర మీద వచ్చినా అంతే. ఫోన్ చేయకండి, కిటికీ మూసేయండి. పొరపాటున డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోవద్దు. వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయండి, బ్యాంకుకూ చెప్పండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇంకో మాట. కొత్త బ్రౌజర్లో ఒక్కో సైటు "మీకు కబుర్లు పంపనా?" అన్నట్టు 'అలౌ', 'బ్లాక్' అని అడుగుతుంది. మొహమాటం లేకుండా 'బ్లాక్' నొక్కండి. లేకపోతే మూలన రోజూ ప్రకటనల చిటపటలే.

ఆయన పాస్‌వర్డు, మీ పాస్‌వర్డు

అసలు ఇంత చెప్పడానికి కారణం ఇది.

ఇలా ఊహించుకోండి. ఇంటాయన హఠాత్తుగా ఆస్పత్రిలో చేరారు. ఇన్సూరెన్సు కాగితం నంబరు మెయిల్‌లో ఉంది. మెయిల్ పాస్‌వర్డు పాత బ్రౌజర్లో దాచి ఉంది. ఎవరో కుర్రాడు వచ్చి "ఆంటీ, ఇది పాతబడింది" అని కంప్యూటర్ను శుభ్రం చేసి కొత్తగా విండోస్ ఎక్కించి వెళ్లాడు. మెయిలూ లేదు, పాస్‌వర్డూ లేదు. ఆవిడ చేతిలో మిగిలింది ఖాళీ తెర. ఆ సమయంలో ఆయన్ని లేపి "పాస్‌వర్డు ఏంటండీ?" అని అడగగలమా?

పసుపు డబ్బా ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలుసు. ఇల్లు నడిచే కాగితాలు ఎక్కడున్నాయో మాత్రం ఒక్కరికే తెలియడం ఏం పద్ధతి? బ్రౌజర్ మార్చే ఈ సందర్భాన్ని వాడుకోండి. ఓ ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ కలిసి కూర్చోండి. ఏ ఏ సైట్లలో ఖాతాలున్నాయో, ఏది ఎవరి పేరు మీద, ఏ ఫోన్ నంబరు మీద ఉందో నోట్‌బుక్కులో రాయండి. బ్యాంకు పాస్‌వర్డులు, పిన్నులు అందులో రాయొద్దు. ఆయన బ్యాంకు పాస్‌వర్డు మీరు వాడటం కూడా సరికాదు, బ్యాంకులు ఒప్పుకోవు. దానికి దారి వేరే ఉంది. ఉమ్మడి ఖాతా, నామినీగా మీ పేరు, మీకంటూ విడిగా లాగిన్. ఉన్నాయో లేవో అడిగి చూడండి. కరెంటు, గ్యాస్, నీళ్ల బిల్లులకైతే మీ సొంత ఖాతా ఈరోజే తెరుచుకోండి.

విండోస్‌లోనూ మీ పేరుతో విడిగా ఓ ఖాతా పెట్టించుకోండి. అందులో మీ బ్రౌజర్, మీ పేజీలు, మీ పాస్‌వర్డులు. వంటింట్లో మీ డబ్బాల వరుస మీకెలా తెలుసో, ఇదీ అలాగే.

మీ సందేహాలు... మా సమాధానాలు

బ్రౌజర్ మారిస్తే ఫొటోలు పోతాయా?
పోవు. ఫొటోలు, ఉత్తరాలు కంప్యూటర్లో వేరేచోట ఉంటాయి. పోయే ప్రమాదం పాస్‌వర్డులకు, దాచిన పేజీలకే.

మావారి ఆఫీసు పని సైటు ఎక్స్‌ప్లోరర్లోనే తెరుచుకుంటుందట. ఎలా?
ఎడ్జ్‌లోనే 'ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మోడ్' అని ఉంది. సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ బ్రౌజర్ అన్న భాగంలో దాన్ని అనుమతించాలి. ఇంట్లో అలా చేర్చిన పేజీ 30 రోజులే ఉంటుంది, మళ్లీ చేర్చుకోవాలి. ఈ సౌకర్యం కనీసం 2029 వరకు ఉంచుతామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. అవసరమైన ఆ ఒక్క సైటుకే వాడండి.

చిరునామా పక్కన తాళం బొమ్మ కనబడటం లేదు. ప్రమాదమా?
క్రోమ్‌లో 2023 సెప్టెంబర్ నుంచి తాళం బొమ్మ తీసేసి వేరే గుర్తు పెట్టారు. దొంగ సైట్లు కూడా తాళం సంపాదిస్తున్నాయి కాబట్టి ఆ బొమ్మను చూసి నమ్మడం ఎప్పుడూ చాలదు. బ్యాంకు పేరు చిరునామాలో అక్షరం పొల్లు పోకుండా ఉందో లేదో చూడండి. మెసేజీలో వచ్చిన లింకు నొక్కి బ్యాంకులోకి వెళ్లకండి, మీరు దాచుకున్న పేజీ నుంచే వెళ్లండి.

కొత్త బ్రౌజర్‌కు డబ్బు కట్టాలా?
పైన చెప్పినవన్నీ ఉచితమే. ఎవరైనా డబ్బు అడిగితే అనుమానించండి.

ఈ ఆదివారం చేయాల్సినవి

మీ కంప్యూటర్లో, ఫోన్లో లింకు నొక్కితే ఏ బ్రౌజర్ తెరుచుకుంటుందో చూడండి. దాని వెర్షన్ 'అబౌట్'లో చూసి, అప్‌డేట్ చేయండి. దాచిన పేజీలు, పాస్‌వర్డులు కొత్తదాంట్లోకి తెచ్చుకోండి. పాస్‌వర్డుల ఫైలు మిగిలితే తీసేయండి. మీకు నచ్చిన బ్రౌజర్‌ను డిఫాల్ట్ చేసుకోండి. ఖాతాల నోట్‌బుక్కు రాసి, ఇంటి దస్తావేజులున్నచోట పెట్టండి. 1930 నంబరు ఫ్రిజ్ మీద అంటించండి.

మొత్తం కలిపితే గంట పని. పప్పు నానేలోపు అయిపోతుంది. మొదట పిల్లల్నో ఆయన్నో పక్కన కూర్చోబెట్టుకున్నా ఫరవాలేదు, కానీ మౌస్ మాత్రం మీ చేతిలోనే ఉండనివ్వండి. సరేనా?